మూలన పడ్డ పాత ట్రాక్టర్‌ను మళ్లీ నడిపించడం: తాడు కట్టి గుంజే ముందు చేయాల్సిన పనులు

"ఎనిమిదేండ్ల నుంచి చింతచెట్టు కింద ఉన్నది, కొత్త బ్యాటరీ ఏస్తే స్టార్ట్ అయితదా అన్నా?" పరకాల, జమ్మికుంట, నర్సంపేట వైపు నుంచి ఇదే ప్రశ్న తిరిగి తిరిగి వస్తోంది. అవుతుందేమో. కానీ ఈ పనుల వరుసలో బ్యాటరీ ఎక్కడో చివర వస్తుంది. ముందే బిగిస్తే సెల్ఫ్ కొట్టి చూడాలన్న చేతి దురద ఆగదు. ఏళ్ల తరబడి నిలబడినా చెడనిది ఆ పది నిమిషాల్లో చెడుతుంది.

మా ఇంట్లో అదే జరిగింది. బాపు నడిపిన బండి బాయికాడి కొట్టం పక్కన ఐదు వానాకాలాలు తడిసింది. మా బావ ఇంకో ట్రాక్టర్ తెచ్చి, తాడు కట్టి, గేర్‌లో వేసి గుంజాడు. బండి గజం దూరం జారింది, లోపల 'ఠక్' మంది, ఆగింది. సైలెన్సర్ గొట్టంలోంచి దిగిన వాన నీళ్లు సిలిండర్‌లో ఉన్నాయి. గాలి నలుగుతుంది కానీ నీళ్లు నలగవు. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగింది. గొట్టం మీద ఒక పాత రేకు డబ్బా బోర్లించి ఉంటే ఆ ఖర్చు ఉండేది కాదు.

కింద రాసిన వరుస మాస్సీ 1035, మహీంద్రా బి-275, హెచ్‌ఎంటీ 2511, స్వరాజ్ 724, ఫోర్డ్ 3600 లాంటి పాత డీజిల్ బళ్లకు పనికొస్తుంది. గాలితో చల్లబడే పాత ఐషర్ అయితే రేడియేటర్ పనులు వదిలేయండి, మిగతావన్నీ అవే.

1. పాన పట్టకముందు అడగాల్సినవి, చూడాల్సినవి

ముందు ఆ బండిని చివరిసారి నడిపిన మనిషిని పట్టుకోండి. నడుస్తున్న బండిని పని లేక పక్కన పెట్టారా, ఏదైనా చెడిపోయి ఆపేశారా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. "రోజూ రేడియేటర్‌ల నీళ్లు తగ్గుతుండె" అన్నాడంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైన బిగించే హెడ్‌కూ మధ్య ఉండే పొర) మీద అనుమానం పెట్టుకోండి. "ఆయిల్ తాగుతుండె" అంటే పిస్టన్ రింగుల మీద. ఆ సంగతి ఇప్పుడే తెలిస్తే ఎంత ఖర్చు పెట్టాలో ముందే తేల్చుకోవచ్చు.

తర్వాత ఒక పొడవాటి కర్ర తీసుకుని బానెట్ కింద, సీటు కింద, టూల్ బాక్సులో కదిలించండి. నవ్వులాట కాదు. వానాకాలంలో అక్కడ పాము ఉండొచ్చు, తేలు ఉండొచ్చు, కందిరీగల గూడైతే దాదాపు ఉన్నట్టే.

చూసి రాసుకోవాల్సినవి:

- ఆయిల్ పుల్ల: మట్టం సరిగా ఉందా, పైకి వచ్చిందా? పైకి వచ్చిందంటే నీళ్లో డీజిలో కలిసినట్టు. మజ్జిగ రంగులో ఉంటే నీళ్లే.
- రేడియేటర్: నీళ్లు ఉన్నాయా, పైన నూనె తెట్టె ఉందా?
- సైలెన్సర్ గొట్టం: మూత ఉందా, ఆకాశానికి నోరు తెరిచి ఉందా?
- ఇంజన్ బ్లాకు పక్కన గుండ్రటి రేకు బిళ్లలు: తుప్పు తిని చెమ్మ కారుతున్నాయా?
- వైర్లు: ఎలుకలు ఎక్కడెక్కడ కొరికాయి?

ఏ పైపు విప్పినా ముందు ఫోన్లో ఫొటో తీయండి. నాలుగు వైపుల నుంచీ తీయండి. వారం తర్వాత ఏ పైపు ఎటు పోయిందో ఎవరికీ గుర్తుండదు.

2. బండిని కదలకుండా నిలబెట్టడం

గేర్ న్యూట్రల్, పీటీఓ (వెనక పనిముట్లను తిప్పే షాఫ్ట్) లివర్ ఆఫ్, వెనక లిఫ్ట్ కిందికి. పెద్ద టైర్లకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ముందు భాగం జాకీతో లేపాల్సి వస్తే కింద కట్టె మొద్దులు పెట్టండి, సిమెంటు ఇటుకలు వద్దు. అవి పగిలేటప్పుడు చెప్పి పగలవు. పాత బ్యాటరీ ఉంటే రెండు వైర్లూ తీసి పక్కన పెట్టండి.

3. గాలి దారి శుభ్రం

పాత బళ్లలో ఎయిర్ క్లీనర్ కింద ఆయిల్ గిన్నె ఉంటుంది. క్లిప్పు తీసి కిందికి దింపితే లోపల ముదురు పాకం లాంటిది కనిపిస్తుంది. ఏళ్ల నాటి ఆయిలూ దుబ్బా కలిసి గట్టిపడ్డ ముద్ద అది. గిన్నెను, పైన జాలీని డీజిల్‌తో కడిగి ఆరబెట్టండి. గిన్నె మీద గీత ఉంటుంది, కొత్త ఇంజన్ ఆయిల్ అక్కడి వరకే పోయాలి. ఎక్కువ పోస్తే ఇంజన్ ఆ ఆయిల్‌ను లోపలికి లాక్కుంటుంది.

క్లీనర్ నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాన్ని వంచి చూడండి. పగుళ్లు ఉంటే మార్చేయండి. ఆ పగులులోంచి దూరిన ఎర్ర దుబ్బ లైనర్లను, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలను, ఆకురాయిలా గీకేస్తుంది. సైలెన్సర్ విప్పి, తలకిందులు చేసి దులపండి.

4. ఇంజన్ చేత్తో తిరగాలి

ఈ మొత్తం పనిలో ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. సెల్ఫ్ కొట్టకూడదు, గుంజకూడదు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు తీసి, చేత్తో తిప్పి చూడాలి.

నాజిల్ విప్పకముందు దాని చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో, డీజిల్‌తో కడగండి. లేకపోతే విప్పగానే ఆ మట్టి సిలిండర్‌లోకి రాలుతుంది. ముందు గట్టి పైపుల నట్లు, తర్వాత పైన ఉండే సన్నటి రిటర్న్ పైపు, ఆ తర్వాత నాజిల్‌ను పట్టే రెండు నట్లు. ఏ నాజిల్ ఏ సిలిండర్‌దో సుద్దతో అంకె వేయండి. నాజిల్ కింద రాగి వాషర్ ఉంటుంది, అది నాజిల్‌తో రాకుండా గుంతలోనే అంటుకుని ఉండొచ్చు. దాన్ని చూడకుండా పైన ఇంకోటి వేస్తే నాజిల్ సరిగా కూర్చోదు.

మా బండికి మూడు నాజిళ్లు తీసినప్పుడు మొదటి రంధ్రం పొడిగా ఉంది. రెండో దాంట్లోకి సన్నటి ప్లాస్టిక్ గొట్టం దింపి సిరంజితో లాగితే తుప్పు రంగు నీళ్లు వచ్చాయి, టీ గ్లాసులో సగానికి పైనే. ఆ సగం గ్లాసు నీళ్లే మా రాడ్‌ను వంచింది.

నీళ్లు ఉంటే మీరూ అలాగే లాగేయండి. తర్వాత డీజిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ సగం సగం కలిపి ఒక్కో రంధ్రంలో చిన్న టీ గ్లాసులో సగం పోయండి. రంధ్రాలకు శుభ్రమైన గుడ్డ కుక్కి రెండు మూడు రోజులు వదిలేయండి. ఆ నూనె రింగుల పక్కకు దిగడానికి ఆ మాత్రం సమయం కావాలి.

ఈ లోపు పైన టాపెట్ కవర్ తీయండి. వాల్వుల కాడల మీద అదే నూనె చుక్కలు చుక్కలుగా వేయండి. ఇది చాలామంది వదిలేసే పని. ఒక వాల్వు తెరుచుకున్న చోటే తుప్పు పట్టి ఇరుక్కుంటే, ఇంజన్ తిరగగానే వాల్వును తెరిపించే పుష్‌రాడ్ వంగుతుంది, లేదా పిస్టన్ దానికి తగులుతుంది.

మూడో రోజు ముందు వైపు క్రాంక్ పుల్లీ నట్టుకు పెద్ద పాన వేసి మెల్లగా తిప్పండి. ఒకేసారి బలం పెట్టొద్దు. అటు కొంచెం, ఇటు కొంచెం. వేలెడంత కదిలినా చాలు, మళ్లీ నూనె పోసి మర్నాటికి వదలండి. కదలడం మొదలయ్యాక రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఒక మనిషి పైన నిలబడి, వాల్వును నొక్కే ప్రతి రాకర్ కిందికి దిగి మళ్లీ పైకి లేస్తోందా చూడాలి. లేవని వాల్వును సుత్తి కట్టె పిడితో మెల్లగా తట్టి, నూనె వేసి విడిపించండి.

వారం అయినా కదలకపోతే పానకు గొట్టం తొడిగి బలం పెంచే ఆలోచన మానుకుని హెడ్ విప్పించండి. అది మెకానిక్ పని. విప్పాక లైనర్ల లోపల తుప్పు గుంతలు గోరుకు తగిలితే కొత్త లైనర్, పిస్టన్ సెట్టు వేయక తప్పదు.

5. ఆయిల్, నీళ్లు

సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద ప్లగ్‌ను సగం చుట్టు మాత్రమే వదులు చేసి, కింద గాజు సీసా పట్టండి. ఏళ్ల తరబడి నిలబడ్డ బండిలో నీళ్లు అడుగున ఉంటాయి కాబట్టి మొదట అవే కారతాయి. ఎన్ని వచ్చాయో చూశాక పూర్తిగా విప్పండి.

ఇంజన్ ఆయిల్ రెండుసార్లు మార్చాలి. మొదటిసారి మామూలు ధర 20డబ్ల్యు-40 పోసి, కొత్త ఫిల్టర్ వేయండి. బండి అరగంట నడిచాక, వేడి మీదే అది మొత్తం తీసేసి మంచి ఆయిలూ ఇంకో ఫిల్టరూ వేయండి. ఆ మొదటి ఆయిల్ లోపలి జిగురునంతా కడుక్కుని వస్తుంది. గేర్ బాక్సు, లిఫ్ట్ ఆయిల్ మజ్జిగలా ఉంటే అదీ దించాల్సిందే.

రేడియేటర్‌కు కింద ఒక కుళాయి, ఇంజన్ బ్లాకుకు ఇంకొకటి ఉంటాయి. రెండూ తెరవండి. కుళాయి తెరిచినా నీళ్లు రాకపోతే తుప్పు అడ్డం పడ్డట్టు, కంబి పెట్టి పొడవండి. మన వైపు బోరు నీళ్లు పోస్తే ఉప్పు పట్టి గొట్టాలు మూసుకుపోతాయి. కూలెంట్ పోయండి, లేదంటే పట్టి పెట్టిన వాన నీళ్లు. ఫ్యాన్ రెక్క పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి. ఊగితే వాటర్ పంపు బేరింగు పోయినట్టు.

6. డీజిల్ దారి: ట్యాంకు నుంచి నాజిల్ దాకా

పాత డీజిల్‌ను దాచుకోవద్దు, వడగట్టి వాడొద్దు. వార్నిష్ వాసన వస్తూ అడుగున నల్లటి జిగురు ఉంటే ట్యాంకు విప్పి కడగాల్సిందే. లోపల గుప్పెడు చిన్న గులకరాళ్లు, రెండు లీటర్ల డీజిల్ వేసి ఇద్దరు పట్టుకుని ఊపితే తుప్పు పొరలు రాలతాయి. ఎన్ని రాళ్లు వేశారో లెక్క రాసుకోండి. లెక్క సరిపోయే దాకా ట్యాంకు బిగించొద్దు.

ట్యాంకు కింద గాజు గిన్నె కడగండి, ఫిల్టర్లు రెండూ మార్చండి. ఫీడ్ పంపు చేతి లివర్ కొడితే డీజిల్ దూకుతూ రావాలి. లోపలి రబ్బరు పొర చిరిగితే డీజిల్ సంపులోకి దిగుతుంది. ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తోందంటే ముందు దాన్నే అనుమానించండి.

ఇప్పుడు అసలైన ప్రమాదం. డీజిల్ పంపు లోపల ఎండిన డీజిల్ బంకలా అంటుకుని ఉంటుంది. వరస పంపు, అంటే మనవాళ్లు మైకో పంపు అనేది అయితే పక్కన చిన్న మూత ఉంటుంది. అది తీస్తే లోపల రాక్, అంటే డీజిల్ ఎంత పోవాలో తేల్చే కడ్డీ, కనిపిస్తుంది. స్టాప్ లివర్ లాగినప్పుడు ఆ రాక్ అటూ ఇటూ సాఫీగా జారాలి. అది ఫుల్ డీజిల్ వైపు ఇరుక్కుని ఉంటే, స్టార్ట్ అయిన మరుక్షణం ఇంజన్ అరుచుకుంటూ పైకి పోతుంది, స్టాప్ లాగినా ఆగదు. జారకపోతే సుత్తితో కొట్టొద్దు. పంపు విప్పి, దానితో పాటే నాజిళ్లు కూడా పంపు షాపుకు పంపండి. వరస పంపుల్లో కొన్నింటికి సొంత ఆయిల్ ఉంటుంది, దాని మట్టమూ చూడండి.

నాజిల్ డీజిల్‌ను పొగమంచులా చిమ్మాలి, దారంలా కారకూడదు. చిమ్మేటప్పుడు ముందు వేలు పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కలా కనిపించినా అది ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గాయం.

7. గాలి తీయడం

స్టార్ట్ కాని పాత బండికి సగం రోగం గాలి పట్టడమే. వరుస తప్పొద్దు:

- ట్యాంకులో కనీసం సగం వరకు కొత్త డీజిల్.
- మొదటి ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి ఫీడ్ పంపు లివర్ కొట్టండి. నురగ వస్తుంది, తర్వాత నిండు ధార. ధార వస్తుండగానే బిగించండి.
- రెండో ఫిల్టర్ దగ్గర అదే పని.
- డీజిల్ పంపు మీది స్క్రూ. గుండ్రటి రోటరీ పంపు అయితే రెండు చోట్ల ఉంటాయి, కింది దాన్ని ముందు తీయండి.
- నాజిళ్లు మళ్లీ బిగించాక, వాటి దగ్గర గట్టి పైపుల నట్లు ఇప్పుడు వదులుగానే ఉంచండి. ఆ గాలి సెల్ఫ్ తిప్పేటప్పుడు పోతుంది.

లివర్ కొడుతున్నా బరువు తగలకపోతే ఇంజన్‌ను పానతో ఒక చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి. పంపు కామ్ పైకి వచ్చిన చోట ఆగి ఉంటే లివర్ ఉత్తినే ఆడుతుంది.

8. బ్యాటరీ, సెల్ఫ్

ఇప్పుడు బ్యాటరీ. పూర్తి చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ కదలకుండా ఉన్నప్పుడు 12.6 చూపాలి. సెల్ఫ్ తిప్పేటప్పుడు 10 కంటే బాగా కిందికి పడితే బ్యాటరీ పోయిందో, వైర్లు తుప్పు పట్టాయో చూడండి. బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కింద రంగు, తుప్పు గీకి మెరిసే ఇనుము మీద బిగించండి. సగం సెల్ఫ్ కంప్లయింట్లు అక్కడే తీరిపోతాయి.

డైనమో ఉన్న చాలా పాత బళ్లలో కొన్నింటికి ప్లస్ వైరు బాడీకి ఉంటుంది. అలవాటు కొద్దీ మైనస్ బిగించకముందు పాత వైర్లు చూసుకోండి.

కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ టెర్మినళ్లు కలిపే అలవాటు మన ఊళ్లలో బాగా ఉంది. గేర్‌లో ఉందని మరిచిపోతే బండి స్టార్ట్ అయి, కలిపిన మనిషి మీదుగానే పోతుంది. సీటు మీద కూర్చునే కొట్టండి.

9. మొదటి స్టార్ట్

ఇద్దరు ఉండాలి. ఒకరు సీటు మీద, ఇంకొకరు ఎయిర్ క్లీనర్ గొట్టం తీసిన చోట చెక్క పలక పట్టుకుని. ఇంజన్ స్టాప్‌కు ఆగకుండా పైకి పోతే ఆ పలకతో గాలి దారి మూసేయాలి. చేయి పెట్టొద్దు, గుడ్డ పెట్టొద్దు. గుడ్డను ఇంజన్ మింగేస్తుంది.

ముందు స్టాప్ లాగి ఉంచి సెల్ఫ్ కొట్టండి. 10 సెకన్లు కొట్టి నిమిషం ఆగాలి. అలా ఆయిల్ ప్రెషర్ చూపే గేజి ముల్లు కదిలే వరకు. ముల్లు లేచాక స్టాప్ వదిలి, యాక్సిలరేటర్ సగం పెట్టి మళ్లీ కొట్టండి. నాజిల్ నట్ల దగ్గర డీజిల్ ఉబుకుతుంది. ఒక్కొక్కటి బిగిస్తూ పోతే ఒక సిలిండర్ 'డుబ్' మంటుంది, తర్వాత రెండోది అందుకుంటుంది.

స్టార్ట్ కాలేదని గాలి దారిలో పెట్రోల్ గుడ్డ, మండే కాగితం పెట్టొద్దు. రింగు విరగ్గొట్టుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

పట్టుకున్నాక పొగ చూడండి:

- తెల్ల పొగ, కళ్లు మండే డీజిల్ వాసన: చల్లటి ఇంజన్, లేదా ఒక నాజిల్ సరిగా చిమ్మడం లేదు. పది నిమిషాల్లో తగ్గాలి.
- తెల్ల పొగ, వాసన లేదు, రేడియేటర్‌లో బుడగలు: హెడ్ గ్యాస్కెట్. ఆపేయండి.
- నల్ల పొగ: గాలి తక్కువ. ఎయిర్ క్లీనర్ చూడండి, తర్వాత పంపు.
- నీలి పొగ: ఆయిల్ కాలుతోంది. అంటుకున్న రింగులు కొన్ని గంటల పనిలో విడిపోవచ్చు, అప్పటిదాకా తీర్పు చెప్పొద్దు.

పది సెకన్లలో ఆయిల్ ముల్లు లేవకపోతే వెంటనే ఆపండి. లేస్తే మధ్యస్థం వేగంలో పావుగంట నడిపి, ఆపి, ప్రతి అతుకు దగ్గరా చేయి పెట్టి కారుతోందేమో చూడండి.

10. నడిచింది, కానీ గేర్ పడటం లేదు

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అంటుకుపోయి ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కి, కట్టె ఆనించి రెండు రోజులు వదలండి. చాలాసార్లు దానంతటదే విడుతుంది. విడకపోతే ఇంజన్ వేడెక్కించి ఆపండి. ఎదురుగా ఎవరూ లేని ఖాళీ చేనులోకి ముఖం తిప్పి, పెడల్ తొక్కే ఉంచి గేర్‌లోనే స్టార్ట్ చేయండి. బండి వెంటనే కదులుతుంది, కాబట్టి స్టాప్ మీద చేయి ఉండాలి. యాక్సిలరేటర్ పెంచుతూ, తగ్గిస్తూ, మధ్యలో బ్రేకు తొక్కితే ప్లేటు ఊడుతుంది. గేర్‌లో స్టార్ట్ కాకుండా అడ్డుకునే స్విచ్ ఉన్న బండి అయితే ఈ పని మెకానిక్‌కు వదలండి.

బ్రేకులు రెండూ విడివిడిగా పట్టుకుంటున్నాయా చూశాక రెండు పెడళ్లనూ కలిపే పిన్ను వేయండి. పక్కలు పగిలిన టైర్లతో ట్రాలీ కట్టొద్దు. గ్రీజు నిప్పళ్లన్నింటికీ పాత గ్రీజు బయటికి వచ్చే దాకా కొత్తది కొట్టండి.

రోడ్డెక్కే ముందు ఆర్సీ తీసి తేదీ చూడండి. 15 ఏళ్లు దాటితే రెన్యువల్ చేయించాలి, ఇన్సూరెన్సూ కావాలి. ఏపీ 36 (వరంగల్), ఏపీ 15 (కరీంనగర్) పాత నంబర్ల బళ్లలో చాలావరకు ఆ గడువు దాటినవే. బండి తాత పేరు మీదే ఉండిపోతే పేరు మార్పు కూడా ఇప్పుడే పెట్టుకోండి.

మొదటి పని దమ్ము కాకూడదు. కేజ్‌వీల్స్ వేసి బురదలో దింపితే ఇంజన్ మీద, క్లచ్ మీద బరువంతా ఒకేసారి పడుతుంది. మెట్ట చేనులో కల్టివేటర్‌తో రెండు గంటలు దున్ని, బండి చల్లారాక టాపెట్ గ్యాపు సరిచూడండి. సాయంత్రం ఇంటికి తెచ్చి నిలిపాక, సైలెన్సర్ మీద ఆ రేకు డబ్బా బోర్లించండి.